తప్పు యాడుండాదవ్వా?

తిరువళ్ళూరులో పింఛను కాగితం పని ముగించుకొని స్టేషనుకు నడిచి వస్తున్నాను. ఆటోలు పక్కనే ఆగి పిలుస్తున్నాయి. కాళ్ళు ఉన్నంతవరకు ఆటో ఎందుకని నా పట్టు. దారిలో ఒక బడి ప్రహరీకి కొత్త ఫ్లెక్సు కట్టి ఉంది. ఈ పక్క ఊళ్ళల్లో మనిషి పోతే ఫ్లెక్సు కడతారు. పైన 'కన్నీర్ అంజలి' అని అరవ అక్షరాలు, నడుమ పోయినవాళ్ళ బొమ్మ, కింద కట్టించినవాళ్ళ పేర్లు. బొమ్మలో ఎవరో తెల్లటి ఆడమనిషి. నున్నటి మొహం, దీపం వెనకాల పెట్టినట్టు వెలుగు. ఎవరి బిడ్డో పాపం అనుకొని రెండడుగులు దాటిపోయాను.

అక్కడ కాళ్ళు ఆగాయి. ఆ కమ్మలు నాకు తెలుసు. ఎర్రరాళ్ళ కమ్మలు, ఎడమదానిలో ఒక రాయి ఊడిపోయి గుంట మిగిలింది. ఫోటోను నున్నగా చేసినవాళ్ళు మొహమంతా సరిచేశారు గానీ కమ్మ జోలికి పోలేదు. వెనక్కి వచ్చి అరవ అక్షరాలు కూడబలుక్కొని పేరు చదివాను. ఆమే.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఫ్లెక్సు మీద పేరు పెద్దగానే ఉంది. లేనిది మొహం. నాకు చేతనైనంతలో దాన్ని రాస్తాను.

ఆమె మొహం అంటే ముందు గుర్తొచ్చేది గడ్డం. గడ్డం కింద ఎడమపక్క చింతగింజంత మచ్చ, నల్లగా, కొంచెం గుంటపడి. చిన్నప్పుడు కొట్టేసిన చెరుకు తోటలో పరుగెత్తి మోడు మీద పడిందట. ఏదైనా ఆలోచిస్తే ఆమె బొటనవేలు దానంతట అదే ఆ మచ్చ మీదికి పోయేది. వేలు అక్కడే ఉంటే ఇంకా తేల్చుకోలేదని, కిందికి దిగితే తేల్చుకుందని నేను కనిపెట్టుకున్నాను. రంగు చామనఛాయకు ఒక పాలు ఎక్కువే. ముందు పళ్ళలో ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది. నవ్వేటప్పుడు దానికి చేయి అడ్డం పెట్టుకునే రకం కాదు. ఫ్లెక్సులో ఆ పన్ను కూడా వరుసలోకి వచ్చి నిలబడింది.

తిరుత్తనిలో మా ఇంటికి ఆమెను తీసుకొచ్చింది ఆమె మొగుడు. పళ్ళిపట్టు పక్క పల్లెలో సేద్యం చేసుకునే కుటుంబం, మన తెలుగువాళ్ళే. అతను బోరు మోటార్లు కాలిపోతే చుట్టి ఇస్తాడు. ఆమెకు అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. టీచరు ట్రైనింగు తిరువళ్ళూరులో. ఆ పల్లెలో బస్సెక్కి తిరుత్తనికి వచ్చి, మళ్ళీ రైలెక్కి పోయేటప్పటికి మొదటి క్లాసు అయిపోతుంది. అందుకని వారంలో ఐదు దినాలు నా ఇంట్లో ఉండి, శనివారం ఊరికి పోవాలని ఏర్పాటు.

నేను అద్దెకిచ్చే గది ఒకప్పుడు మగ్గం ఉన్న గది. మా ఇంటాయన పోయాక మగ్గాన్ని కట్టెల కింద అమ్మేసి, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంట పూడ్చి సిమెంటు పోయించాను. గచ్చులో ఆ మేర రంగు వేరుగా ఉంటుంది. ఆమె మంచం సరిగ్గా దాని మీదే వేసుకుంది. చేరిన దినమే నా నియమాలు చెప్పాను. నీళ్ళు రెండు బకెట్లు, తొమ్మిదికి దీపం ఆర్పాలి, ఫోను ఛార్జి గంటకు మించకూడదు. అన్నిటికీ తల ఊపింది. అన్నిటినీ పాటించింది. ఎదురు చెప్పకుండా నా ఇంట్లో కాపురమున్న మనిషి అంతకుముందు ఎవరూ లేరు. అందుకే మొదటి నెలంతా నేను ఆమెను అనుమానంగా చూశాను.

తరవాత తెలిసింది, ఆమెకు ఎదురు చెప్పే తీరిక లేదని. మొగుడు తల్లితో పోట్లాడి ఆమెకు రెండేళ్ళు ఇప్పించాడు. ఈ తడవ పరీక్ష తప్పితే పుస్తకాలు కట్టి అటక మీద పెట్టి చేనికి రావాలని అత్త ఖరారుగా చెప్పింది. అది బెదిరింపు కాదు, ఒప్పందం. ఆ అత్త మాట తప్పేది కాదని ఆమే గౌరవంగా చెప్పేది.

ఒక సాయంత్రం నేను అరుగు మీద బియ్యం ఏరుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అవ్వా, నువ్వు ఎంతవరకు చదివినావు?"

"మూడు."

"మూడు దాటినావా, మూడులో ఆగినావా?"

ఆ అడగడం నాకు నచ్చలేదు. ఆగినా అన్నాను.

"అయితే నాకు కావాల్సింది నువ్వే. నేను చెప్పాల్సింది నాలుగో తరగతికి."

ఆమె ట్రైనింగులో అందరూ పాఠాలు ఫోనుతో తయారుచేసుకోవాలని చెప్పారట. ఏఐ అంటారు దాన్ని. ఏ పాఠం, ఏ తరగతి అని అడిగితే చాలు, కన్నుమూసి తెరిచేలోపల ఏం చెప్పాలి, ఏం అడగాలి, ఏ బొమ్మ గీయాలి అన్నీ రాసిచ్చేస్తుంది. తోటివాళ్ళు దాన్ని అట్లే దించి ఇచ్చేస్తారు. వాళ్ళు అరవంలో చెప్పేవాళ్ళు, వాళ్ళకు చూసిచ్చే అక్కలూ అన్నలూ ఉన్నారు. ఈమె చెప్పాల్సింది తెలుగు సెక్షనుకు. ఆ ఫోను తెలుగు అడిగితే హరికథ చెప్పినట్టు చెప్పేది. ఆ తెలుగు ఈ పక్క పిల్లలకు తలకెక్కుతుందో లేదో ఆమెకు తెలియాలి. ఆ పిల్లలకు ఒక్క తరగతి కింద ఆగిపోయిన మనిషి ఇంట్లోనే ఉంది. అదీ ఆమె ఎత్తు.

ఊరికే వింటానని నేను ఒప్పుకోలేదు. వినాలంటే బియ్యమో చింతపండో ముందు పెట్టుకొని చేస్తూ చెప్పమన్నాను. ఆ రెండేళ్ళలో మా ఇంటి చింతపండులో ఒక్క పిక్క కూడా మిగల్లేదు.

ఆమె ఫోనును కూడా మీరు అని పిలిచేది. "కొంచెం సులభంగా చెప్పండి, పల్లె పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పండి" అని మెల్లగా దాని మొహం మీద మాట్లాడేది. కరెంటు తాగేదానికి ఇంత మర్యాదేమే అని నేను ఎగతాళి చేస్తే, "అలవాటు తప్పిపోతే కష్టమవ్వా, రేపు పిల్లోళ్ళతో కూడా ఇదే నోరు గదా మాట్లాడాల్సింది" అనేది.

మొదటి పాఠం నీళ్ళు ఆవిరి కావడం గురించి. ఫోను రాసిచ్చింది చదివింది. బాష్పీభవనం అనే మాట అందులో నాలుగు సార్లు వచ్చింది. అర్థమైందా అవ్వా అంది. అయింది అన్నాను.

"సరే, ఇప్పుడు నువ్వు టీచరు. నాకు చెప్పు."

బియ్యం ఏరుతున్నట్టు తలవంచుకున్నాను. ఆమె చేట పక్కకు జరిపి నా మొహం కేసే చూస్తూ కూర్చుంది, నవ్వలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మూడో తరగతిలో ఉండగా వాధ్యారు అర్థమైందా అని అడిగితే నేనొక్కదాన్నే లేదన్నాను. ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టారు. మళ్ళీ మా అమ్మ నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టిందాకా బడిలో నేను ఆ మాట అనలేదు. బడి మానేశాక కూడా అనలేదు. డాక్టరు ముందైనా, బ్యాంకులో అయినా, ఎవరేం చెప్పినా అర్థమైంది అనడమే నాకు వచ్చు. ఇదంతా ఆమెకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

ఆమె బొటనవేలు మచ్చ మీద కొంతసేపు ఉండి దిగింది. లోపలికి పోయి, నేను దాచిపెట్టిన పాత క్యాలెండరు కాగితం ఒకటి అడిగి తెచ్చుకుంది. వెనకపక్క తెల్లగా ఉంటుందని నేను ఏ కాగితమూ పారేయను. దాని మీద నిలువుగా ఒక గీత గీసింది.

"నువ్వు లేదు అన్నప్పుడల్లా ఇక్కడ ఒక గీత. వంద గీతలైతే నేను టీచర్ని అయినట్టు."

నేను పది దినాల్లోనే లేదనడం నేర్చుకున్నాను. రుచి మరిగాను అనడమే నిజం. లేదు, తెలీలేదు, మళ్ళీ చెప్పు. ఆమె చెప్పింది మార్చి మళ్ళీ చెప్పేది. ఆవిరి పాఠానికి దారి నేనే చూపించాను. వీధిలో పడుగు దారాలు చాపి గంజి పెడితే పొద్దెక్కేలోపల ఆరిపోతుంది కదా, ఆ తడి యాడికి పోతాది అని అడుగు, నేతోళ్ళ పిల్లోళ్ళు చెప్తారు అన్నాను. బాష్పీభవనం అనే మాటను ఆఖరుకు నెట్టేసింది. బడిలో ఆ పాఠం బాగా నడిచిందని వచ్చి చెప్పి, ఆ రాత్రికి నేను చేసిన చారులో ఉప్పు లేదని కూడా చెప్పింది.

రెండో ఏడు ఆమె ట్రైనింగుకు ఎవరో పరిశోధన చేసేవాళ్ళు కాగితాలు పంచారు. రేపటి టీచర్లు ఈ ఏఐకి ఎంత సిద్ధంగా ఉన్నారో తెలుసుకోవాలని. ప్రతి ప్రశ్నకు ఎదురుగా ఐదు గళ్ళు, ఒకదానిలో టిక్కు పెట్టాలి. తోటివాళ్ళు రైలు రెండు స్టేషన్లు దాటేలోపల నింపేశారట. ఈమె ఇంటికి తెచ్చుకొని, ఒక్కో ప్రశ్న నాకు తెలుగు చేసి చదివి వినిపించింది. బోధనలో దీన్ని వాడడానికి నేను సిద్ధంగా ఉన్నాను అనే దగ్గర ఆగిపోయింది. వేలు మచ్చ మీదే ఉంది. ఏదో ఒకటి పెట్టు, దీపానికి కరెంటు కాలిపోతా ఉండాది అన్నాను. టిక్కు పెట్టలేదు. అంచున ఖాళీగా ఉన్నచోట తెలుగులో ఒక ముక్క రాసి నాకు చూపించింది. ఇంట్లో అవ్వ ఉంటే సిద్ధమే, అని రాసి ఉంది.

నన్ను యాల ఇరికిస్తావే అని కసిరాను గానీ, ఆ కాగితం తిరువళ్ళూరు పోయి ఏ ఆఫీసులో ఎవరి బల్ల మీద ఉంటుందో అని ఒకటి రెండు దినాలు ఆలోచించాను. నా గురించి కాగితం మీద ఎవరైనా మంచిగా రాయడం అదే మొదలు.

ఇక ఆఖరి పరీక్ష. తిరుత్తని పక్కన నేతవాళ్ళ ఊరిలో బడి. బయటినుంచి ఒక మేడం వచ్చి వెనకాల కూర్చుంటుంది, ఈమె పాఠం చెప్పాలి. దానికి మార్కులు పడితేనే గట్టెక్కేది. ఆమె ఎంచుకున్న పాఠం మన ఊరి వృత్తులు, అందులో నేత. పల్లె పిల్లలు తమ ఇంటి సంగతి బడిలో చూడాలి అవ్వా అంది. ఆమె సేద్యం ఇంటిది. చెరుకు గురించి అడిగితే రాత్రంతా చెప్పగలదు, మగ్గం దగ్గర కూర్చొని చూసింది లేదు. మా గదిలో మగ్గం ఉండి ఉంటే చూసేది. దాని మీద సిమెంటు పోయించింది నేనే.

పరీక్షకు ముందు దినం సాయంత్రం పెద్ద ఫ్లెక్సు చుట్ట చంకన పెట్టుకొని వచ్చింది. ఫోనును అడిగి బొమ్మ చేయించి, బస్టాండు దగ్గర అంగడిలో అచ్చు వేయించింది. మంచం మీద పరిచింది. ఎర్రచీర కట్టుకున్న ఒకామె మగ్గం ముందు కూర్చొని నవ్వుతోంది. చేతిలో అడ్డదారం పోసే నాడె. ముందర బంగారు అంచు గుడ్డ మడతలు మడతలుగా దిగుతోంది. కిటికీలోంచి వెలుగు. మా ఇంట్లో అంత అందమైన మగ్గం ఏనాడూ లేదు.

నేను కళ్ళజోడు పెట్టుకొని చూశాను. గుడ్డ వస్తోంది గానీ ఎక్కడినుంచి వస్తోందో లేదు. మగ్గం మీద నిలువుగా సాగే దారాలను పడుగు అంటాము. ముందు అది ఉండాలి. నాడె దాని నడుమ అడ్డంగా పోతుంటే గుడ్డ అవుతుంది. ఈ బొమ్మలో ఆమె వెనక గోడ ఉంది, ముందర గుడ్డ ఉంది, నడుమ పడుగు లేదు. ఉన్న నాలుగు దారాలు సగం దూరం పోయి గాలిలో కలిసిపోయాయి.

ఒక్క చూపులో కనిపెట్టాను. నలభై ఏళ్ళు ఆ దారాల మీద వంగిన కళ్ళవి.

"బాగుందా అవ్వా?"

ఫ్లెక్సు కొత్త వాసన వేస్తోంది. రంగులన్నీ వేయించేసింది. దీన్ని పారేసి ఇంకోటి వేయించాలంటే ఈ పొద్దు అంగడి మూసేస్తారు. పారేయడం అనే మాటే నా ఒంటికి పడదు. పిల్లలకేం తెలుస్తుందిలే, చదువుకున్నవాళ్ళు చేసిన యంత్రం అది, ఏ దేశంలోనో ఇట్లా కూడా నేస్తారేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఆఖరి మాట అబద్ధమని చెప్పుకుంటున్నప్పుడే తెలుసు.

"బాగుంది," అన్నాను.

ఆమె సంతోషంగా చుట్టి పెట్టుకుంది.

మరునాడు మధ్యాహ్నానికి వచ్చింది. చెప్పులు విడిచి, చుట్ట గోడకు ఆనించి, చెంబుతో నీళ్ళు తాగి, చెంబు బోర్లించి పెట్టింది. తరవాత చెప్పింది. పాఠం బాగానే మొదలైందట. ఫ్లెక్సు విప్పి తగిలించగానే పిల్లలు గుసగుసలాడారు. మూడో వరసలో ఒక పిల్ల లేచి, "టీచర్, దీంట్లో పడుగు లేదు. గుడ్డ యాడనుంచి వస్తాది?" అని అడిగింది. తరగతి మొత్తం నవ్వింది. వెనకాల మేడం తలెత్తి చూసింది.

"ఇది ఫోను చేసింది అనే మాట నోటిదాకా వచ్చిందవ్వా. మింగేసినా."

మింగేసి, నాకు తెలీదు, నీకు తెలుసు గదా, వచ్చి గీయి అని ఆ పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చిందట. ఆ పిల్ల బోర్డు మీద పడుగంతా గీసేటప్పటికి సగం పీరియడు అయిపోయింది. చెప్పాల్సింది మిగిలిపోయింది. పాఠం అయ్యాక మేడం పిలిచి, బొమ్మను ఎవరికైనా చూపించి సరిచూసుకున్నావా అని అడిగింది.

"ఏమని చెప్పినావు?"

"లేదు మేడం, నేనే సరిగ్గా చూసుకోలేదు అని చెప్పినా."

మేడం పుస్తకంలో రాసుకుందట. మార్కులు ఎన్నో తెలియదు. అటక మీద పుస్తకాలు మా ఇద్దరి కళ్ళముందూ మెదిలాయి, ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

అప్పుడు అడిగింది. గొంతు పెంచలేదు.

"నువ్వు నేసినదానివి గదా అవ్వా. నీకు కనపడలేదా?"

నా కంట్లో పొర ఉన్న మాట ఆమెకు తెలుసు. కనపడలేదంటే నమ్మేది. తప్పును ఫోను మీదికి నెట్టకుండా ఆమె మాట మింగిందని అప్పుడే విని ఉండకపోతే నేను ఆ అబద్ధం కూడా ఆడి ఉండేదాన్నే.

"కనపడింది."

"మరి?"

"అచ్చు వేయించేసినావు గదమ్మే. పారేయమనేదానికి నాకు నోరు రాలేదు."

బొటనవేలు మచ్చ మీదికి పోయింది. చాలాసేపు అక్కడే ఉంది. తరవాత దిగింది.

"ఈ ఫోనును బాగుందా అంటే బాగుంది అంటాదవ్వా. కాదంటే, అవును కాదు అంటాది. లేదు అని గట్టిగా చెప్పేది దానికి రాదు. దానికోసరమే గదా నేను నీకాడికి వచ్చినా."

అంతే అంది. ఇంకో మాట అని ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిట్టినా నేను తిరిగి తిట్టి తేలికపడేదాన్ని. చింతపండు బుట్ట తెచ్చుకొని కూర్చుంది, పాఠం లేకుండానే పిక్కలు తీసింది.

పరీక్ష అయినా క్లాసులు ఇంకా కొన్ని దినాలు ఉన్నాయి. తెల్లవారి ఆమె రైలుకు బయలుదేరేలోపల నేను పెట్టెలో దాచిన నూలు ఉండ తీశాను. కిటికీ చువ్వల నుంచి ఆమె మంచం కోళ్ళకు దారాలు బిగించాను, ఒకటి పైకి ఒకటి కిందికి, ఇరవై దాకా. రా, కూర్చో అన్నాను. జడ వేసుకుంటున్న మనిషి అట్లే వచ్చి కూర్చుంది. నడుమ అడ్డదారం ఎట్లా పోతుందో, పైవి కిందికీ కిందివి పైకీ ఎట్లా మారుతాయో చూపించాను. నా చేతులు దారి మరవలేదు. పూడ్చిన గుంట మీద కూర్చొని ఆమె జానెడు గుడ్డ నేసింది. వంకర టింకరగా ఉంది. రైలు పోయింది, పోనీలే అంది. ఆమెకు రైలు తప్పిపోవడం ఆ రెండేళ్ళలో అదొక్క దినమే.

ఆ సాయంత్రం ఫ్లెక్సును బోర్లా పరిచి, వెనక తెల్లటి పక్కన కొత్త పాఠం రాయడం మొదలుపెట్టింది. "నీకు పారేసేది పట్టదు గదా" అంది నా కేసి చూడకుండా. అది దెప్పో క్షమించడమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయి ఉండవచ్చు.

రాసి, నాకు వినిపించి, ఎప్పటిలాగే అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కొత్తగా అడిగింది.

"తప్పు యాడుండాదవ్వా?"

అప్పటినుంచి ఆమె నన్ను బాగుందా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఫోనును కూడా అడగలేదు. మీరు చెప్పినదానిలో తప్పు ఎక్కడ ఉందో వెతికి చెప్పండి అని దాన్నే అడిగేది. అది వెతికి ఒకటి రెండు చెప్పేది కూడా. దాని మీద ఆమెకు కోపం లేదు. వదిలేయనూ లేదు. "బాగుందా అంటే మనిషైనా బాగుందనే అంటాడు. అడిగేది నేను సరిగ్గా అడగలేదు" అనేది. తప్పు తన మీద వేసుకోవడం ఆమెకు అంత అలవాటు. నాకు మాత్రం తెలుసు, ఆ దినం ఆమె అడగడంలో ఏ తప్పూ లేదు.

ఫలితాలు వచ్చేదాకా నేను సరిగ్గా తినలేదని చెబితే నమ్మరు, నా తిండే అంతంత. ఆమె మొగుడు ఫోను చేసి గట్టెక్కిందని చెప్పాడు. బొమ్మలకూ పరికరాలకూ వేసే మార్కులు దాదాపు పోయాయట. తక్కిన వాటిలో, పిల్లతో పాఠం చెప్పించినదానికి మేడం ధారాళంగా వేసిందట. ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అత్త పంపిన బెల్లం అచ్చు తెచ్చి నా ముందు పెట్టింది. క్యాలెండరు కాగితాల మీద గీతలు లెక్కపెట్టమని నాకిచ్చింది. వంద ఎప్పుడో దాటిపోయాయి. ఫ్లెక్సు నాకే వదిలేసింది. వర్షానికి కట్టెల మీద కప్పాను, ఇప్పటికీ అక్కడే ఉంది, మగ్గం బొమ్మ లోపలికి, ఆమె అక్షరాలు పైకి. ఎండకు సగం వెలిసిపోయాయి.

తిరువళ్ళూరులో ఒక చిన్న బడిలో చేరింది. ఆదివారాల్లో ఫోను చేసేది. ఒక్క పాఠం వినవ్వా అనేది. నా బొత్తాల ఫోను చెవికి పెట్టుకొని చింతపండు ఒలుచుకుంటూ వినేదాన్ని. ఇప్పుడు పిక్కలు తీసేది నేనే. ఆఖరిసారి చేసినప్పుడు గొంతు బొంగురుగా ఉంది, జ్వరం అంది. మిట్టమధ్యాహ్నం మన నీడ ఎందుకు కురచ అవుతుందనే పాఠం. చెప్పి, తప్పు యాడ అని అడిగింది. తప్పు సంగతి తరవాత, నాకు అర్థమే కాలేదు అన్నాను. నవ్వింది.

"అయితే రేపు మళ్ళీ చెప్తా."

ఆ రేపు ఫోను రాలేదు. ఆమే చేస్తుందిలే, మనకెందుకు ఖర్చు అని నేను చేయలేదు. ఆ జ్వరంతో ఆసుపత్రిలో చేరిన మనిషి లేవలేదని ఫ్లెక్సు ముందు నిలబడి, బడి కాపలా ఆయన్ని అడిగితే తెలిసింది. నీడ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.

దినాలకు పళ్ళిపట్టు బస్సెక్కి పోయాను. అత్త వాకిట్లో కూర్చొని ఉంది, నన్ను చూసి లేచి నిలబడింది. నడవలో కుర్చీ మీద పటం పెట్టి మాల వేశారు. ఫ్లెక్సులో ఉన్న మొహమే, ఇంకా పెద్దగా, అద్దం బిగించి. తెల్లటి చర్మం, వరుస పళ్ళు, నున్నటి గడ్డం. ఆమె మొగుడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తమ దగ్గర మంచి ఫోటో లేదని, అంగడివాడు ఫోనులో పెట్టి మచ్చా మరకా అన్నీ తీసేసి చేసిచ్చాడని చెప్పాడు. కళ్ళు వాచి ఉన్నాయి. చేతుల్లో మోటారు రాగితీగ గీతలు.

"బాగుందా అవ్వా?" అన్నాడు.

అచ్చు వేయించేశాడు. అద్దం బిగించాడు. మాల వేశాడు. పదిమంది చూస్తున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి.

"బాగుందా అని అడగద్దు నాయనా," అన్నాను. "తప్పు యాడుండాది అని అడుగు."

అతను నన్ను చూశాడు. ఆ మాట అతను కూడా విని ఉంటాడు, ఇంట్లో, ఎన్నోసార్లు. పటం వైపు తిరిగాడు.

"యాడుండాదవ్వా?"

నేను మాల పక్కకు జరిపి, గడ్డం కింద ఎడమపక్క బొటనవేలు ఆనించాను.

"ఈడ."

వేలు తీసేటప్పటికి అద్దం మీద చింతగింజంత ముద్ర పడింది. అతను కండువాతో తుడవబోయాడు. వద్దన్నాను.